ల్యాప్‌టాప్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

2020 మార్చి 24 రాత్రి దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటన వెలువడింది. అప్పటికే మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఆఫీసుల నుంచి కంప్యూటర్లు ఉద్యోగుల ఇళ్లకు చేరుతున్నాయి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు సంచిలో పెట్టుకుని వెళ్లారు. లేనివాళ్లకు బల్ల మీదున్న డెస్క్‌టాప్‌నే మానిటర్‌తో సహా కట్టి పంపిన కంపెనీలూ ఉన్నాయి. ఇంటి నుంచి పనికి అడ్డొచ్చే షరతులను కేంద్ర టెలికాం శాఖ ఆ నెలలోనే సడలించింది. అలా హడావుడిగా గడప దాటిన సామాన్లలో ఏది ఎవరి దగ్గరుందో చెప్పాల్సిన భారం ఐటీ హెల్ప్‌డెస్క్ నెత్తిన పడింది.

లాక్‌డౌన్ లేని రోజుల్లోనూ ఆ ప్రశ్న తప్పదు. యాప్ పరీక్షించడానికి రెండు రోజులు పాత ఫోను కావాలంటారు ఒకరు. క్లయింటు ముందు ప్రదర్శనకు ప్రొజెక్టర్ కావాలంటారు ఇంకొకరు. రిపేరుకు ఇచ్చిన ల్యాప్‌టాప్ వచ్చేదాకా బదులు యంత్రం కావాలంటారు మరొకరు. ఇలాంటి అరువుల లెక్క చూసేందుకు చాలా సంస్థలు తమ ఉద్యోగులకు మాత్రమే తెరుచుకునే ఒక వెబ్ యాప్ తయారు చేసుకుంటాయి. నాలుగు తెరలు, ఒక డేటాబేస్. వారాంతంలో రాసేయొచ్చు అనిపించేంత చిన్న పని.

వస్తువుల జాబితా రాయడం నిజంగానే తేలిక. కష్టమంతా వస్తువు చేతులు మారే క్షణంలో ఉంది. ఆ క్షణాన్ని అక్కడికక్కడే, ఇద్దరికీ సాక్ష్యంగా రాసుకోగలిగిన యాప్ నిలబడుతుంది. రాసుకోలేని యాప్ ఎంత అందంగా ఉన్నా, కొన్నాళ్లకు హెల్ప్‌డెస్క్ కుర్రాడు మళ్లీ ఎక్సెల్ షీటు తెరుస్తాడు.

పాత రిజిస్టర్లలో ఉన్న తెలివి

ప్రభుత్వ కార్యాలయాల్లో, కాలేజీ ల్యాబుల్లో డెడ్ స్టాక్ రిజిస్టర్ అని ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. బల్ల, బీరువా, కంప్యూటర్ లాంటి మన్నికైన ఆస్తులన్నీ అందులో వరుస సంఖ్యతో ఎక్కుతాయి. ఫ్యాక్టరీల్లో బయటికెళ్లే వస్తువుకు గేట్ పాస్ రాస్తారు. తిరిగి రావాల్సినదానికి రిటర్నబుల్ గేట్ పాస్, రానక్కర్లేనిదానికి నాన్ రిటర్నబుల్ పాస్. సెక్యూరిటీ గార్డు ఒక ప్రతి ఉంచుకుంటాడు, స్టోర్స్‌లో ఇంకొకటి ఉంటుంది. వస్తువు తిరిగొచ్చినప్పుడు రెంటినీ సరిపోల్చి పాస్ మూసేస్తారు.

ప్రత్యేక ఆర్థిక మండలాల్లో ఈ లెక్క ఇంకా గట్టిగా ఉండాలి. అక్కడి సంస్థలు సుంకం లేకుండా పరికరాలు తెచ్చుకుంటాయి కాబట్టి, మండలం గేటు దాటిన ల్యాప్‌టాప్ కంపెనీ సొంత వ్యవహారంగా మిగలదు. మండలాల్లోని ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటుకు కేంద్రం 2022 జులైలో ఆ మండలాల నిబంధనల్లో 43ఎ నియమాన్ని చేర్చినప్పుడు, పరికరాలను తాత్కాలికంగా బయటికి పంపే విషయాన్నీ అందులో ప్రస్తావించింది.

ఈ పాత పద్ధతులన్నింటిలో ఒక గుణం ఉమ్మడిగా కనిపిస్తుంది. రాసిన గీతను ఎవరూ చెరపరు. తప్పైతే ఎర్రసిరాతో కొట్టేసి పక్కన సంతకం పెడతారు. ఎక్సెల్ ఆ కట్టుబాటును తీసేసింది. గడిలో పాత పేరు తుడిచి కొత్త పేరు రాయగానే, నిన్నటిదాకా ఆ యంత్రం ఎవరి దగ్గరుందో షీటు మరిచిపోతుంది. మంచి యాప్ రిజిస్టరు గుణాన్నీ, కంప్యూటరు వేగాన్నీ కలిపి ఇవ్వాలి.

మూడు పట్టికలు

1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ఒక పత్రం ప్రచురించారు. సమాచారాన్ని విడివిడి పట్టికలుగా పెట్టి, వాటి మధ్య బంధాలను అందులోని విలువలతోనే చెప్పవచ్చని అందులో ప్రతిపాదించారు. నేటి రిలేషనల్ డేటాబేస్‌లన్నిటికీ పునాది అదే.

మన యాప్‌కు కావాల్సిన ముఖ్యమైన పట్టికలు మూడు: ఉద్యోగి, పరికరం, అరువు. కొత్తగా రాసేవాళ్లు సాధారణంగా మూడోదాన్ని వదిలేస్తారు. పరికరాల పట్టికలోనే ‘ఎవరి దగ్గర’ అని ఒక గడి పెట్టి సరిపెడతారు. మొదటి గొడవ వచ్చేదాకా ఇది బాగానే నడుస్తుంది. ఒక సోమవారం తెర పగిలిన ట్యాబ్లెట్ కౌంటరుకు వస్తుంది. తెచ్చినవారు ‘నాకు ఇచ్చినప్పుడే ఇలా ఉంది’ అంటారు. అంతకు ముందు వారం అది ఎవరి దగ్గరుంది, ఏ స్థితిలో తిరిగొచ్చింది? ఆ గడిలో జవాబు ఉండదు. అరువుకు సొంత పట్టిక ఉంటే ప్రతి లావాదేవీ ఒక వరుస అవుతుంది. ఎవరు తీసుకున్నారు, ఏ పరికరం, ఎప్పుడు ఇచ్చారు, గడువెప్పుడు, ఎప్పుడు తిరిగొచ్చింది, ఇచ్చినప్పుడూ వచ్చినప్పుడూ స్థితి ఏమిటి అన్నవన్నీ అందులో ఉంటాయి. తిరిగొచ్చిన తేదీ ఖాళీగా ఉన్న వరుస చూస్తే ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలిసిపోతుంది.

పరికరం పట్టికలోనూ ఒక మెలిక ఉంది. రకం వేరు, పీసు వేరు. ఉద్యోగి అడిగేది ‘ఏదో ఒక ఆండ్రాయిడ్ ఫోను’. హెల్ప్‌డెస్క్ ఇచ్చేది ఫలానా సీరియల్ నంబరున్న ఒక ఫోను. కోరిక రకానికి ముడిపడాలి, అరువు పీసుకు ముడిపడాలి. రెండూ కలిపేసిన యాప్‌లో ఉద్యోగి ఏడో నంబరు ఫోను కోసం ఎదురుచూస్తుంటే, అచ్చం అలాంటిదే ఎనిమిదో నంబరు ఫోను బీరువాలో ఊరికే పడి ఉంటుంది.

అన్నిటికీ ఈ మర్యాద అక్కర్లేదు. మౌస్, హెచ్‌డీఎంఐ కేబుల్, బ్యాటరీ సెల్లు లాంటివాటికి ఒక్కోదానికి నంబరు వేసి తిరిగి వసూలు చేయబోతే, వాటి ఖరీదు కంటే శ్రమ ఎక్కువవుతుంది. వాటిని స్టాక్‌లో తగ్గించి రాసుకుంటే చాలు. పోతే నష్టమనిపించేదీ, డేటా దాచుకునేదీ మాత్రమే అరువు లెక్కలోకి రావాలి. ఈ గీత ఎక్కడ గీయాలో మొదటి రోజే నిర్ణయించుకోవాలి.

స్థితులు, వాటి మధ్య దారులు

ప్రతి పరికరం ఏ క్షణంలోనైనా ఒక్క స్థితిలోనే ఉంటుంది: అందుబాటులో ఉంది, రిజర్వైంది, ఇచ్చేశారు, తనిఖీలో ఉంది, రిపేరులో ఉంది, పోయింది, కండెమ్ చేశారు. కంప్యూటర్ శాస్త్రంలో ఇలాంటి ఏర్పాటును పరిమిత స్థితి యంత్రం అంటారు. స్థితుల పేర్లు రాయడం కంటే ఏ స్థితి నుంచి దేనికి వెళ్లొచ్చో రాసుకోవడం ముఖ్యం. ‘ఇచ్చేశారు’ నుంచి నేరుగా ‘అందుబాటులో ఉంది’కి దారి ఉండకూడదు, మధ్యలో తనిఖీ తప్పనిసరి. అది లేకపోతే ఒకరి ఫొటోలు, పాస్‌వర్డులు ఉన్న ఫోను ఇంకొకరి చేతికి వెళుతుంది. ‘కండెమ్’ నుంచి వెనక్కి దారే లేదు. ‘పోయింది’ నుంచి మాత్రం ఒక దారి ఉంచాలి, ఎందుకంటే పోయాయనుకున్న వస్తువులు ఎవరి డ్రాయర్‌లోంచో బయటపడుతుంటాయి.

ఈ మార్పుల చరిత్రను చెరపకుండా పేర్చుకుంటూ పోవాలి. లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చు వేయించిన గణిత గ్రంథంలో వెనిస్ వర్తకుల జంట పద్దు విధానాన్ని వివరించాడు. ఒక చోట తగ్గింది మరో చోట పెరగాలి, రెండు వైపులా సరితూగాలి అన్నది దాని సారం. పరికరం విషయంలోనూ అంతే. స్టోర్స్‌లోంచి పోయింది ఎవరో ఒకరి పేరు మీదికి చేరాలి. ఎవరి పేరు మీదా లేని పరికరం ఉండకూడదు. రిపేరుకు పంపితే ఆ దుకాణం కూడా లెక్కలో ఒక ‘చేయి’ అవుతుంది. తప్పు నమోదైతే దాన్ని దిద్దే కొత్త పద్దు రాస్తారు, పాతది అలాగే ఉంటుంది.

ఒకటే ప్రొజెక్టర్, ఇద్దరు మనుషులు

సమయం ప్రవేశించిన చోట యాప్ జటిలమవుతుంది. శుక్రవారం ప్రదర్శనకు ప్రొజెక్టర్ కావాలని ఇద్దరు ఒకే నిమిషంలో నొక్కారనుకుందాం. యాప్ ముందు ‘ఖాళీగా ఉందా?’ అని చూస్తుంది, తర్వాత రాసుకుంటుంది. ఆ రెండు పనుల నడుమ రెప్పపాటు ఖాళీలో రెండో అభ్యర్థన దూరుతుంది. ఇద్దరికీ ‘ఖాళీ’ అనే కనిపిస్తుంది, ఇద్దరికీ రిజర్వ్ అవుతుంది. పరీక్షల్లో ఇది దొరకదు, పనిదినం ఉదయం దొరుకుతుంది.

దీనికి మందు లావాదేవీ అనే భావన. చూడటం, రాయడం రెండూ విడదీయరాని ఒకే పనిగా జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. ఈ ఆలోచనకు స్పష్టమైన రూపమిచ్చినవారిలో ముఖ్యుడైన జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ అవార్డు దక్కింది. మనం ఆచరణలో చేయాల్సింది ఒకటే: రెండు రిజర్వేషన్లు గుద్దుకోకుండా చూసే కాపలాను యాప్ కోడ్‌కు మాత్రమే వదలకుండా డేటాబేస్‌కే అప్పగించాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2010 నుంచి ఇందుకు ప్రత్యేకమైన నిబంధన ఉంది. ఒకే పరికరానికి కాలవ్యవధులు కలిసే రెండు వరుసలను అది లోపలికే రానివ్వదు.

కాలవ్యవధులు కలుస్తున్నాయా అన్నది ఎలా తెలుస్తుంది? జేమ్స్ అలెన్ 1983లో రెండు కాల వ్యవధుల మధ్య సరిగ్గా 13 రకాల సంబంధాలు సాధ్యమని చూపించారు: ముందు, తర్వాత, తాకుతూ, లోపల, కొంత కలిసి, ఇలా. పదమూడింటినీ విడివిడిగా పరీక్షించాల్సిన పని లేదు. మొదటిదాని ఆరంభం రెండోదాని ముగింపు కంటే ముందుండి, రెండోదాని ఆరంభం మొదటిదాని ముగింపు కంటే ముందుంటే రెండూ గుద్దుకున్నట్టే. ఆరంభ క్షణం వ్యవధిలో భాగం, ముగింపు క్షణం భాగం కాదు అని నియమం పెట్టుకుంటే, 11 గంటలకు ఒకరు ఇచ్చేసింది అదే 11 గంటలకు ఇంకొకరు తీసుకోవచ్చు. ఈ చిన్న నియమం లేక ఎన్నో రిజర్వేషన్ యాప్‌లు సరిహద్దు దగ్గర తడబడతాయి.

కౌంటరు దగ్గర

చేతులు మారే చోటు కౌంటరు. అక్కడ వరుసలో నలుగురు నిలబడి ఉంటే, పన్నెండు గడుల ఫారం ఎవరూ నింపరు. ‘తర్వాత రాస్తాలే’ అంటారు. ఆ తర్వాత రాదు. కాబట్టి కౌంటరు తెరలో పని రెండు స్కాన్లతో ముగియాలి: ఉద్యోగి ఐడీ కార్డు ఒకటి, పరికరం మీది అసెట్ ట్యాగ్ ఒకటి. మిగతాదంతా యాప్ ఊహించాలి. ఆ పరికరం అరువులో ఉంటే ఇది వాపసు, లేకపోతే కొత్తగా ఇవ్వడం. గడువు ఆ రకానికి ఉన్న మామూలు గడువు. మార్చాలంటేనే వేలు పెట్టాలి.

మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేరు చెక్కించే అలవాటుంది. పెళ్లిలో పది ఇళ్ల గిన్నెలు కలిసినా తిరిగి సొంత ఇంటికి చేరేది ఆ పేరు వల్లే. అసెట్ ట్యాగ్ చేసేదీ అదే. ట్యాగ్ మీద క్యూఆర్ కోడ్ ముద్రిస్తే ఫోను కెమెరాతోనే చదవొచ్చు. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసహిరో హరా బృందం కార్ల విడిభాగాలను గుర్తించడానికి దీన్ని తయారుచేసింది. ఫ్యాక్టరీ మరకలను తట్టుకునేలా అందులో దోష సవరణ గణితం పొదిగారు. అత్యధిక స్థాయి ఎంచుకుంటే కోడ్‌లో దాదాపు 30 శాతం చెడిపోయినా చదవొచ్చు. రోజూ సంచిలో రాపిడి తినే ల్యాప్‌టాప్ మీది ట్యాగ్‌కు ఆ స్థాయే తగినది.

కోడ్ పక్కనే మనిషి చదవగలిగే సంఖ్య కూడా ఉండాలి. ఫోనులో ఎవరో ట్యాగ్ నంబరు చదివి చెబితే తప్పు దొర్లుతుంది. దాన్ని పట్టుకోవడానికి చివర ఒక తనిఖీ అంకె చేర్చవచ్చు. ఐబీఎంకు చెందిన హాన్స్ పీటర్ లూన్ 1960లో పేటెంట్ పొందిన లెక్క ఇందుకు చాలు. మన ఫోన్ల 15 అంకెల ఐఎంఈఐలో చివరి అంకె దీనితోనే వస్తుంది. ఏ ఒక్క అంకె తప్పు పడినా ఇది పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది, ఒక్క 09, 90 జంటను తప్ప.

స్కాన్ ముగిశాక తీసుకున్నవారి ఈమెయిల్‌కు రసీదు వెళ్లాలి. ఏ పరికరం, ఏ స్థితిలో, ఎప్పటిదాకా అన్నది అందులో ఉండాలి. వాపసు ఇచ్చినప్పుడూ రసీదు తప్పకుండా వెళ్లాలి. ఇచ్చినప్పుడు సంస్థకు సాక్ష్యం ఎంత అవసరమో, తిరిగి అప్పగించినప్పుడు ఉద్యోగికి అంతే అవసరం. రాజీనామా చేసినవారికి నో డ్యూస్ దగ్గర చిక్కు వచ్చేది ఇక్కడే.

అనుమతులు, తలుపులు

లోపలి యాప్ కాబట్టి కొత్త పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదు. సంస్థలో ఇప్పటికే ఉన్న ఉమ్మడి లాగిన్‌తోనే తెరుచుకోవాలి. దానివల్ల ఉద్యోగి వెళ్లిపోయిన రోజే తలుపు దానంతటదే మూసుకుంటుంది. అయితే మూసుకున్న తలుపు వెనక అతని పేరు మీద అరువులు మిగిలి ఉండవచ్చు. అందుకే హెచ్‌ఆర్ వ్యవస్థలో చివరి పనిదినం నమోదైన క్షణంలో ఈ యాప్‌కు కబురు రావాలి, రిలీవింగ్ లెటర్ చేతికి అందాక కాదు.

లోపలి యాప్ కదా అని భద్రతలో అలసత్వం చూపడం మామూలే. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 జాబితాలో, అన్నిటికంటే పైన నిలిచిన లోపం దెబ్బతిన్న ప్రవేశ నియంత్రణ. ఉద్యోగి తన అరువు పేజీ చిరునామాలో చివరి అంకె మార్చగానే పక్కవాడి అరువు తెరుచుకుంటే అదే ఆ లోపం. తెర మీద బటన్ దాచినంత మాత్రాన అనుమతి లేనట్టు కాదు. ప్రతి అభ్యర్థన దగ్గరా సర్వరు మళ్లీ అడగాలి: ఇతనికి ఈ వరుస మీద హక్కు ఉందా?

మేనేజరు అనుమతి దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. ‘ఆమోదించు’ అనే లింకును ఈమెయిల్‌లో పెడితే మేనేజరు ఒక్క నొక్కుతో పని ముగిస్తారని అనిపిస్తుంది. కానీ మెయిల్‌ను వడపోసే భద్రతా సాఫ్ట్‌వేర్‌లు కొన్ని, లింకు ప్రమాదకరమో కాదో చూడటానికి ముందే దాన్ని తెరుస్తాయి. మేనేజరు మెయిల్ చూడకముందే ఆమోదం పడిపోతుంది! 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ పేజీలోని లింకులను ముందుగానే తెరిచిపెడుతూ, కొన్ని వెబ్ యాప్‌లలో ‘తొలగించు’ లింకులను కూడా తెరిచేసి రభస చేసింది. చదవడానికి వాడే అభ్యర్థన దేన్నీ మార్చకూడదన్నది వెబ్ ప్రాథమిక నియమం. ఈమెయిల్ లింకు ఒక పేజీని తెరవాలి, అక్కడ బటన్ నొక్కితేనే ఆమోదం.

అసలు ప్రతిదానికీ అనుమతి అవసరమా? రెండు రోజుల ఫోనుకు మూడు మెట్ల ఆమోదం పెడితే జనం యాప్‌ను పక్కనపెట్టి స్నేహం మీద తెచ్చుకుంటారు. ఖరీదైనవాటికి, దీర్ఘకాలపు అరువులకు మాత్రమే అనుమతి పెట్టి, మిగతావాటికి గడువు గుర్తు చేయడం మీద శ్రద్ధ పెట్టడం మేలు.

గడువు రాయడంలోనూ జాగ్రత్త కావాలి. జరిగిన ఘటనల సమయాన్ని ప్రపంచ ప్రామాణిక సమయంలో దాచాలి. హైదరాబాద్‌కూ దానికీ ఐదున్నర గంటల తేడా. గడువును మాత్రం ఆ ఆఫీసు క్యాలెండరులోని తేదీగానే ఉంచాలి. లేకపోతే హైదరాబాద్‌లో శుక్రవారం అనుకున్నది డల్లాస్ శాఖలో గురువారంగా కనిపించి, అకారణంగా ఆలస్యపు హెచ్చరిక పోతుంది. గడువు సంక్రాంతి సెలవు మీద పడితే తర్వాతి పనిదినానికి జరగాలి. గుర్తుచేసే మెయిల్ గడువుకు ముందు వెళ్లాలి. గడువు దాటాక వెళ్లేది మందలింపు.

ఎన్ని కొనాలి?

యాప్ కొన్ని నెలలు నడిచాక దాని అసలు విలువ బయటపడుతుంది. ‘టెస్టింగ్ ఫోన్లు ఎన్ని కావాలి?’ అన్న ప్రశ్నకు ఇప్పటిదాకా గొంతు పెద్దదైనవారి మాటే చెల్లింది. ఇకపై లెక్కతో చెప్పవచ్చు.

జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఒకటుంది. వచ్చే వేగాన్ని, ఒక్కోటి ఉండే సగటు కాలంతో గుణిస్తే ఒక్కసారిగా లోపల ఉండే సగటు సంఖ్య వస్తుంది. రోజుకు సగటున 2 అభ్యర్థనలు, ఒక్కో అరువు సగటున 3 రోజులు అనుకుందాం. అందరికీ దొరికితే ఏ క్షణంలోనైనా సగటున 6 ఫోన్లు బయట ఉంటాయి. అయితే ఆరు కొంటే సరిపోతుందా?

సరిపోదు. జనం సగటు ప్రకారం రారు. ఒక రోజు ఎవరూ రారు, ఇంకో రోజు ఐదుగురు వస్తారు. డెన్మార్క్ గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1917లో ఇలాంటి చిక్కునే విప్పారు: ఇన్ని కాల్స్ వచ్చే చోట ఎన్ని లైన్లుంటే, ఎంతమందికి ‘లైను ఖాళీ లేదు’ అని చెప్పాల్సి వస్తుంది? లైను బదులు ఫోను, కాల్ బదులు అరువు అనుకుంటే ఆయన సూత్రం మనకు అలాగే పనికొస్తుంది. అభ్యర్థనలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని, దొరకనివారు వెళ్లిపోతారని అనుకుని లెక్కేస్తే ఇలా తేలుతుంది: 6 ఫోన్లుంటే దాదాపు 26 శాతం మందికి లేదనాలి. 10 ఉంటే 4.3 శాతం. 12 ఉంటే 1.1 శాతం.

ఈ అంకెల్లో రెండు పాఠాలున్నాయి. ఆరే ఉన్నప్పుడు నలుగురిలో ఒకరు ఖాళీ చేతులతో వెళుతున్నా, బయట ఉండేవి సగటున 4.4 మాత్రమే. బీరువా చూసిన అధికారి ‘ఒకటో రెండో ఎప్పుడూ మిగిలే ఉంటున్నాయిగా’ అంటారు. పన్నెండున్నప్పుడు సగానికి సగం ఖాళీగా కనిపించి, ఆడిటర్ దండగ ఖర్చు అని రాస్తారు. ఇద్దరూ బీరువానే చూశారు, వెళ్లిపోయినవారిని చూడలేదు. అందుకే ‘లేదు’ అని చెప్పిన ప్రతిసారీ యాప్ దాన్ని నమోదు చేయాలి. జరగని అరువు కూడా సమాచారమే.

రెండోది, కొనకుండానే లాభం పొందే దారి. ఇదే గిరాకీ రెండు అంతస్తులకు సగం సగం పంచి, ఒక్కో అంతస్తు తన 6 ఫోన్లను తానే దాచుకుంటే ఒక్కోచోట 5.2 శాతం మందికి లేదనాలి. అవే 12 ఫోన్లను ఒకే లెక్కలోకి తెస్తే అది 1.1 శాతానికి పడిపోతుంది. ఇంకో లెక్క: 10 ఫోన్లుండి, సగటు అరువు 3 రోజుల నుంచి 2.5 రోజులకు తగ్గితే, లేదనడం 4.3 నుంచి 1.8 శాతానికి దిగుతుంది. పదకొండో ఫోను కొంటే దిగేది 2.3 శాతానికే. సకాలంలో వెళ్లిన ఒక గుర్తుచేసే మెయిల్, ఒక కొత్త ఫోను కంటే ఎక్కువ పని చేసిందన్నమాట.

కండెమ్ అయ్యాక

పరికరం చివరి ప్రయాణం కూడా ఒక చేతి మార్పే. పాతదాన్ని వదిలించుకునే ముందు అందులోని డేటా పోవాలి. మామూలుగా డిలీట్ చేస్తే పోదు. ఎస్‌ఎస్‌డీల్లోనైతే పైన తిరగరాసినా నమ్మకం లేదు, ఎందుకంటే అరుగుదల సమానంగా ఉండేలా డ్రైవ్ తానే డేటాను లోపల చోట్లు మారుస్తుంటుంది. మొదటి నుంచీ డిస్కులోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచి, చివర్లో దాన్ని విప్పే తాళంచెవిని నాశనం చేయడం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన 800-88 మార్గదర్శకాల్లో వివరించిన పద్ధతుల్లో ఒకటి. ఏ పద్ధతి వాడారో, ఎవరు చేశారో యాప్‌లో పద్దు పడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, ఏడాదిలో ఏ సమయంలోనైనా వెయ్యికి తక్కువ కాకుండా ఇలాంటి పరికరాలు వాడిన సంస్థ భారీ వినియోగదారు అవుతుంది. అలాంటి సంస్థ తన ఈ-వ్యర్థాలను రిజిస్టరైన ఉత్పత్తిదారుకో, పునరుద్ధరణదారుకో, రీసైక్లర్‌కో అప్పగించాలి. ఆ అప్పగింత రసీదే చివరి గేట్ పాస్.

మనుషుల చరిత్రకూ ఒక ముగింపు ఉండాలి. ఉద్యోగి ఎప్పుడెప్పుడు ఏం తీసుకున్నాడో ఏళ్ల తరబడి పేరుతో సహా దాచుకోవాల్సిన అవసరం లేదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, అవసరం తీరాక వ్యక్తిగత సమాచారం ఉంచుకోవద్దనే చెబుతుంది. నో డ్యూస్, ఆడిట్ ముగిశాక పేరు తీసేసి, ఎర్లాంగ్ లెక్కకు పనికొచ్చే తేదీలు మాత్రం మిగల్చవచ్చు.

సొంతంగా రాయాలా?

చాలా సంస్థలకు సొంతంగా రాసే అవసరం లేదు. స్నైప్-ఐటీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ట్యాగులు, ఇవ్వడం, వాపసు, చరిత్ర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. గ్రంథాలయాలు ఇదే చిక్కును ఎప్పుడో విప్పాయి. 1999లో న్యూజిలాండ్‌లో మొదలైన కోహా నేడు మన దేశంలోనూ ఎన్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో పుస్తకాల అరువు లెక్క చూస్తోంది. మీ సంస్థ పద్ధతి వీటిలో ఇమడకపోతేనే సొంతంగా రాసుకోండి.

ఏ దారి ఎంచుకున్నా, ముందు తెరలు గీయడానికి కూర్చోకండి. ఒక పూట హెల్ప్‌డెస్క్ కౌంటరు పక్కన నిలబడి ఎవరు వస్తున్నారో, ఏమని అడుగుతున్నారో, ఎవరు ఖాళీ చేతులతో వెళుతున్నారో చూడండి. తర్వాత ఒకే అంతస్తులో, ఒకే రకం పరికరంతో మొదలుపెట్టండి. ఇచ్చే పద్దు, పుచ్చుకునే పద్దు ఏ రోజుకారోజు సరితూగుతున్నాయని తేలాకే మిగతా సామాన్లను లెక్కలోకి తీసుకురండి.